గోల్కొండ మనకు తెలిసిందే కదా అనుకునే హైదరాబాదీల కోసం: కోటను మళ్లీ చూడడానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు గోల్కొండతో పరిచయం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. స్కూల్లో ఉండగా ఒక పిక్నిక్. ఆ తర్వాత ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం. దర్వాజా దగ్గర చప్పట్లు, రొప్పుతూ మెట్లు, పైన గ్రూప్ ఫొటో, దిగాక చెరుకు రసం. చుట్టాలకు చూపించామా అంటే చూపించాం. మనం చూశామా అంటే మాత్రం కాస్త తడుముకోవాలి.

ఈ అలవాటు వల్ల టికెట్ కొని ఎక్కిదిగే కొండే గోల్కొండ అనుకుంటాం. అది బాలాహిస్సార్, అంటే లోపలి కోట మాత్రమే. దాని చుట్టూ 87 బురుజులు, 8 దర్వాజాలతో పెద్ద గోడ ఉంది. ఆ గోడ లోపల ఇళ్లున్నాయి, కిరాణా కొట్లున్నాయి, మసీదులున్నాయి, స్కూలుకెళ్లే పిల్లలున్నారు. గోల్కొండను రాజుల ఇల్లులా కాకుండా ఒక ఊరిలా చూడాలి. ఆ ఊరికి నీళ్లెక్కడివి? గింజలెక్కడ దాచారు? శత్రువును ఎక్కడ ఆపాలనుకున్నారు? ఇలా చూస్తే కోట పూర్తిగా వేరేగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరస మామూలు వరసకు తలకిందులు. కొండెక్కడం చాలా తర్వాత వస్తుంది.

1. రోజు, తోడు చూసుకోండి

ఆదివారం వద్దు. పండుగ సెలవులూ వద్దు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వారం మధ్యలో ఒక రోజు, పొద్దున గేటు తీయగానే లోపలికి వెళ్లేలా ప్లాన్ చేసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గ్రానైట్ మీద నడిస్తే చరిత్ర మీద ఆసక్తి కూడా ఆవిరైపోతుంది. అంతా ఒక్కరోజులో కుక్కకుండా రెండు పూటలకు పంచుకోండి: ఒక పూట బయటి గోడ, తర్వాత కలిపిన కోట భాగం నయా ఖిలా. ఇంకో పూట బాలాహిస్సార్, కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులు.

చుట్టాలతో వెళ్లకండి. వాళ్లకు మంచినీళ్లు, బాత్రూం, భోజనం చూసుకోవడంలోనే మన పూట గడిచిపోతుంది. కబుర్లు తక్కువ చెప్పే ఒక స్నేహితుడో స్నేహితురాలో చాలు. బడికెళ్లే వయసు పిల్లలుంటే మాత్రం తీసుకెళ్లండి, వాళ్ల ప్రశ్నలు మనకు పనికొస్తాయి. 15 ఏళ్లలోపు వాళ్లకు టికెట్ కూడా లేదు. పట్టున్న బూట్లు, నీళ్లు, చిన్న నోటుపుస్తకం, ఉంటే ఒక టార్చి. ఇంతే సామాను.

2. ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి

అన్నీ చూడాలని వెళ్తే ఏదీ గుర్తుండదు. ఇంట్లోనే ఒక ప్రశ్న అనుకుని వెళ్లండి. కోటలోకి నీళ్లెలా వచ్చాయి అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. దాని గురించి కింద వివరంగా చెప్తాను. యుద్ధాల మీద ఆసక్తి ఉంటే, ఎనిమిది నెలల ముట్టడిని ఈ గోడ ఎలా తట్టుకుంది అని అడగండి. సాహిత్యం ఇష్టమైనవాళ్లకు, పారసీక సుల్తానుల కొలువులో తెలుగు ఎలా నిలిచింది అన్నది చక్కటి ప్రశ్న.

కాలక్రమం మటుకు ఒకసారి గుర్తు చేసుకుని వెళ్లండి. కాకతీయుల నాటి మట్టికోట 14వ శతాబ్దంలో బహమనీల చేతికి వెళ్లింది. 16వ శతాబ్దం మొదట్లో సుల్తాన్ కులీ ఇక్కడ కుతుబ్‌షాహీ పాలన మొదలుపెట్టాడు. 1550 నుంచి 1580 దాకా పాలించిన ఇబ్రహీం కాలంలో కోట గోడలు బలపడ్డాయి. 1591లో మహమ్మద్ కులీ మూసీ అవతల హైదరాబాద్ కట్టాడు. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకున్నాడు. ఈ నాలుగైదు మెట్లు బుర్రలో ఉంటే కనిపించే ప్రతి కట్టడాన్నీ ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టవచ్చు.

3. టికెట్ కౌంటర్ దాకా వెళ్లకుండా ఫతే దర్వాజా దగ్గరే దిగండి

లంగర్‌హౌస్ వైపు నుంచి వస్తే ఆటోలు, బైకులు దూరిపోయే ఇరుకు ద్వారం ఒకటి వస్తుంది. మనం ఎప్పుడూ హారన్ కొడుతూ దాటేసేది దాన్నే. ఔరంగజేబు సైన్యం గెలిచి ప్రవేశించిన గుర్తుగా దానికి ఫతే దర్వాజా అన్న పేరు. ఈసారి పక్కన నిలబడి, ట్రాఫిక్ ఎందుకు జామవుతోందో గమనించండి. దారి తిన్నగా లేదు. ద్వారానికి ఎదురుగా అడ్డుగోడ, ఆ వెంటనే మలుపు. పరుగెత్తుకొచ్చిన ఏనుగు తలతో తలుపును ఢీకొట్టకుండా, దాని వేగం ముందే విరిగిపోవాలని చేసిన ఏర్పాటిది. తలుపులకు బిగించిన ఇనుప మేకులూ ఏనుగుల కోసమే. అప్పట్లో ఏనుగులను ఆపిన మలుపే ఇవాళ మన ఆటోలను ఆపుతోంది!

ముట్టడి కథ ఇక్కడే నిలబడి తలుచుకోవాలి. 1687లో మొఘల్ సైన్యం ఎనిమిది నెలలు ఈ గోడ బయటే పడి ఉంది. ఫిరంగులకు లొంగలేదు, సొరంగాలు తవ్వి మందుగుండు పేల్చినా ఫలితం రాలేదు. చివరికి సెప్టెంబర్‌లో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే లోపలి అధికారి లంచానికి లొంగి తలుపు తీశాడు. ఆ రాత్రి దాదాపు ఒంటరిగా ఎదురుతిరిగి, ఒళ్లంతా గాయాలతో పడిపోయిన అబ్దుల్ రజాక్ లారీ గురించి మొఘల్ చరిత్రకారులే మెచ్చుకుంటూ రాశారు. శత్రువు రాసిన మెచ్చుకోలు కనుక దాన్ని నమ్మొచ్చు.

తర్వాత గోడ వెంట నడవండి. మొత్తం చుట్టిరావడం కుదరదు, చాలాచోట్ల గోడకు ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. ఇళ్ల మధ్యలోకి వెళ్లేటప్పుడు కెమెరా జేబులో పెట్టుకోండి. అవి వాళ్ల వాకిళ్లు, మన టూరిస్టు స్పాట్ కాదు. దారి తెలియకపోతే ‘బురుజు మీదకి ఎట్లా పోవాలె భయ్యా?’ అని అడగండి, మర్యాదగా చెప్తారు. వాయవ్య మూలన పొట్ట ముందుకు పొడుచుకొచ్చిన పెట్లా బురుజు, దక్షిణం వైపు మూసా బురుజు వెతకండి. మూసా బురుజు కట్టించిన మూసా ఖాన్ చివర్లో మళ్లీ కనిపిస్తాడు, పేరు గుర్తుంచుకోండి. రెండు బురుజుల మీదా ఔరంగజేబు కాలపు ఫిరంగులున్నాయి. పెట్లా బురుజు మీద ఉన్నదాని పేరు ఫతే రహబర్.

4. బాలాహిస్సార్ దర్వాజాను సరిగా చూడండి, చప్పట్లను సరిగా పరీక్షించండి

టికెట్ తీసుకున్నాక అందరూ చప్పట్ల కోసం లోపలికి పరుగెడతారు. మీరు ద్వారం బయటే ఆగి తలెత్తండి. కమాను పైన గచ్చుతో చేసిన నెమళ్లు, సింహాలు, యాళి లాంటి జంతువులు కనిపిస్తాయి. పారసీక కమాను మీద మన గుళ్ల గోడల మీది బొమ్మలు. దక్కన్‌లో పని చేసిన చేతులు ఎవరివో ఈ ఒక్క ద్వారం చెప్పేస్తుంది.

ఇక చప్పట్లు. ద్వారం దాటగానే ఉన్న గుమ్మటం కింద కొడితే కొండ కొసన ఉన్న మండపం బారాదరిలో వినిపిస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మనలో చాలామంది కిందే కొట్టి, పైకి వినపడిందని నమ్మి వచ్చేశాం. ఈసారి నిజంగా పరీక్షించండి. ఇద్దరిలో ఒకరు పైకి వెళ్లాలి. కింద ఉన్నవాళ్లు తమకు తోచిన వరసలో, ముందే చెప్పకుండా, మూడు, ఆగి రెండు, ఆగి నాలుగు అన్నట్టు కొట్టాలి. పైనున్నవాళ్లు విన్నది రాసుకోవాలి. దిగాక పోల్చుకోండి. తర్వాత గుమ్మటం మధ్య నుంచి నాలుగడుగులు పక్కకు జరిగి అదే వరస కొట్టండి. తేడా చెవికి తెలుస్తుంది. వంపు తిరిగిన పైకప్పు శబ్దాన్ని చెదరనివ్వకుండా పోగుచేసి బయటికి తోస్తుంది. కింద ఎవరొచ్చారో పైకి చెప్పే కాలింగ్ బెల్ ఇదే.

జనం మూగాక ఈ పరీక్ష చేయలేం, వందమంది ఒకేసారి చప్పట్లు కొడుతుంటారు. పొద్దున్నే రమ్మన్నది ప్రధానంగా ఇందుకే.

5. నీళ్ల వెంట నడవండి

మెట్ల వైపు తిరగకుండా కింద రాణీ మహళ్ల వైపు వెళ్లండి. ముందు ఫౌంటెన్ ఉన్న వాకిలిలో నిలబడి, ఇందులోకి నీళ్లు ఎలా చిమ్మేవని అడగండి. మోటార్ లేదు, కరెంట్ లేదు. జవాబు గోడల్లో ఉంది. పెచ్చులూడిన చోట దగ్గరికి వెళ్లి చూడండి. రాయికీ గచ్చుకీ మధ్య ఎర్రగా, గుండ్రంగా కాల్చిన మట్టి గొట్టాల ముక్కలు కనిపిస్తాయి. ఒక గొట్టం మూతిలో ఇంకోదాని కొస దూర్చి, అతుకుల్లో సున్నం పట్టించారు. వేలు పెట్టి పీకకండి, కళ్లతో చూస్తే చాలు. అక్కడి నుంచి గొట్టం ఎటు పోయిందో గోడ వెంట కనిపెట్టడానికి ప్రయత్నించండి. రెండు మూడుచోట్ల దారి తప్పుతుంది, మళ్లీ దొరుకుతుంది. పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, మనకంటే ముందు పట్టేస్తారు.

కొండ మీదికి నీళ్లు ఎక్కించిన తీరు ఇంకా బాగుంటుంది. ఒకేసారి పైకి తోడలేదు. కొండవాలు మీద అంచెలంచెలుగా తొట్లు కట్టారు. కుండలు కట్టిన పెద్ద చక్రాలను తిప్పి కింది తొట్టిలోంచి పై తొట్టిలోకి, అక్కడి నుంచి ఇంకా పైకి తోడుకుంటూ పోయారు. పైకి చేరిన నీరు మట్టి గొట్టాల్లోంచి తన బరువుతోనే కిందికి దిగి మహళ్లకూ స్నానాల గదులకూ ఫౌంటెన్లకూ వెళ్లేది. పైకెక్కేటప్పుడు దారి పక్కన ఎండిపోయిన తొట్లు వరసగా వస్తాయి. ఇన్నాళ్లూ అవి చెత్త పేరుకున్న గుంతల్లా అనిపించి ఉంటాయి. ఈసారి ఒక్కో తొట్టి దగ్గర ఆగి, కింది తొట్టి ఎంత లోతున ఉందో చూసుకుంటూ వెళ్లండి.

మరి మొదటి తొట్టిలోకి నీళ్లెక్కడివి? కోటకు తాగునీరు ఇచ్చినవాటిలో దుర్గం చెరువు ఒకటి. అవును, కేబుల్ బ్రిడ్జి మీద నిలబడి సెల్ఫీలు తీసుకునే ఆ చెరువే. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ రోజూ ఆ చెరువు పక్క నుంచే వెళ్లేవాళ్లకు గోల్కొండ దూరపు చరిత్ర అనిపిస్తుంది. వాళ్ల ఆఫీసు కిటికీలోంచి కనిపించేది ఆ కోట వాటర్ ట్యాంకు. కోట బయటి గోడ లోపలే ఉన్న కటోరా హౌజ్ అనే చెరువును కూడా ఈ లెక్కలోనే చూసి రండి. ఇప్పుడు దాని పరిస్థితి చూస్తే బాధేస్తుంది, అయినా చూడాలి.

నీళ్ల కథ ఇంకొక చోటికి కూడా దారితీస్తుంది. కోటలో జనం పెరిగి, ఇరుకై, నీటికి కటకట వచ్చింది. మూసీ అవతల కొత్త నగరం కట్టడానికి అదొక కారణమని చరిత్రకారులు చెప్తారు. అంటే మన హైదరాబాద్ పుట్టుకలో గోల్కొండ నీటి ఎద్దడికీ వాటా ఉంది.

6. కథలను మూడు కుప్పలుగా విడదీయండి

గైడును పెట్టుకుంటే కథలకు కొదవుండదు. పెట్టుకోండి కూడా, గైడు లేకపోతే కొన్ని గదుల పేర్లు తెలియవు. కాని విన్నదాన్ని నోటుపుస్తకంలో మూడుచోట్ల రాసుకోండి: రాయి చెప్పేది, ఆ కాలంవాళ్లు రాసిపెట్టింది, జనం చెప్పుకునేది. మూడూ విలువైనవే, కలగలిపితేనే చిక్కు.

ఉదాహరణకు కొండ మధ్యలో ఉన్న అంబర్‌ఖానా, అంటే ధాన్యపు కొట్టు. దాన్ని 1642లో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కట్టారని నల్లరాతి శాసనం ఉంది. ఇది రాయి చెప్పిన మాట, మొదటి కుప్ప. అక్కన్న మాదన్నలు చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రులుగా ఉన్నారనీ, 1686లో హత్యకు గురయ్యారనీ రాతలో దొరుకుతుంది. అది రెండోది. కోట నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందన్నది మూడోది. దాని ఆనవాలు ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. కొలువు గాయని తారామతి పాట గాలి మీద తేలి సుల్తాను చెవిని చేరేదన్నదీ మూడో కుప్పే. కాని చప్పట్ల పరీక్ష చేసి వచ్చాక, ఆ కథ ఇక్కడే ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

రామదాసు బందిఖానా దగ్గర మూడు కుప్పలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి ఖైదయ్యాడని అందరికీ తెలుసు. పన్నెండేళ్లు ఇక్కడున్నాడనీ, రామోజీ లక్ష్మోజీల వేషంలో వచ్చి స్వామే ఆరు లక్షల మొహరీలు కట్టాడనీ జనం చెప్పుకుంటారు. లోపల పైకప్పు కన్నంలోంచి పడే వెలుగు తప్ప దీపం లేదు. టార్చి ఆర్పేసి, కళ్లు అలవాటుపడే దాకా నిలబడండి. గోడ మీద చెక్కిన రామలక్ష్మణులు, ఆంజనేయుడు మెల్లగా తేలుతారు. అక్కడ చరిత్రా భక్తా అని తూకం వేయాలనిపించదు నాకు. మూడు కుప్పల పద్ధతిని ఆ గది బయటే వదిలి వెళ్లినా నష్టం లేదు.

గోడల మీద పేర్లు రాసినవాళ్లు కూడా అక్కడ కనిపిస్తారు. 2010లో చట్టాన్ని సవరించాక రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడొచ్చు. మీ పిల్లలకు ముందే చెప్పండి.

7. ఇప్పుడు ఎక్కండి

కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. ఎక్కుతూ రాళ్లు చూడండి. కట్టినవాళ్లు కొండరాళ్లను తీసేయలేదు. పెద్ద గుండు అడ్డొస్తే దాన్నే గోడలో భాగం చేసుకుని, రెండు పక్కలా రాళ్లు పేర్చి ముందుకుపోయారు. ఎక్కడ ప్రకృతి ఆగి మేస్త్రీ మొదలయ్యాడో గుర్తుపట్టడం మంచి ఆట. ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బంజారాహిల్స్‌లో పేల్చేసిన గుండ్లు కూడా ఈ రాయే.

పైకి దగ్గరపడ్డాక జగదాంబిక అమ్మవారి గుడి, ఇబ్రహీం మసీదు ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. నగరంలో ఆషాఢ బోనాలు మొదలయ్యేది ఈ అమ్మవారి దగ్గరే. తర్వాతే సికింద్రాబాద్, లాల్‌దర్వాజా. ఆ రోజుల్లో వస్తే కోటను చూడలేరు, జనాన్ని చూస్తారు. అదీ ఒకసారి చూడాల్సిందే. ఇక ఇబ్రహీం కులీని మన కవులు మల్కిభరాముడన్నారు. అన్నకు భయపడి విజయనగరంలో రామరాయల నీడన ఏడేళ్లు తలదాచుకున్నాడు, తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. అద్దంకి గంగాధరకవి ఆయనకు కావ్యం అంకితమిచ్చాడు. ఆ ఇబ్రహీమే 1565లో అదే రామరాయల మీద యుద్ధానికి మిగతా సుల్తానులతో కలిశాడు. అంత సాయం చేసినవాడి మీదికా అనిపిస్తుంది. రాజకీయం అప్పుడూ అంతే.

బారాదరి మీద ఫొటో తీసుకోండి, కాదనను. తర్వాత ఫోన్‌లో మ్యాపు తెరిచి దిక్కులు పట్టుకోండి. ఉత్తరాన దగ్గరగా సమాధుల గుమ్మటాలు, వాటి వెనక దూరంగా దుర్గం చెరువు చుట్టుపక్కల అద్దాల భవనాలు. ఈశాన్యంలో నయా ఖిలా గోడ. తూర్పున కాస్త ఆగ్నేయానికి, మబ్బు లేకపోతే, పాతబస్తీ. మీ ఇల్లు ఎటువైపుందో కూడా చూసుకోండి.

8. నయా ఖిలా వదలకండి

1656లో ఔరంగజేబు యువరాజుగా ఉండగానే ఒకసారి కోటను ముట్టడించాడు. అప్పుడు ఈశాన్యం వైపు ఉన్న ఎత్తైన నేల కోటకు ప్రమాదమని తేలింది. దాన్ని కూడా గోడ లోపలికి కలిపేసుకున్నారు. అదే నయా ఖిలా. లోపల ఇప్పుడు గోల్ఫ్ కోర్స్ కూడా ఉంది కనుక ప్రవేశం గురించి గేటు దగ్గర అడిగి వెళ్లండి. అక్కడి హతియాన్ కా ఝాడ్ ఆఫ్రికా జాతి బావోబాబ్ చెట్టు. మొదలు ఏనుగుల గుంపంత లావు. ఆ తర్వాత తొమ్మిది మడతలున్న మజ్నూ బురుజు చూడండి. 2020 అక్టోబర్ వానలకు దానిలో కొంత కూలింది. చూడాల్సినవాటిని వాయిదా వేయకూడదనడానికి వేరే కారణం అక్కర్లేదు.

9. కోట బయటికి కథను కొనసాగించండి

బంజారా దర్వాజా నుంచి సమాధులు కిలోమీటరు దూరం. శుక్రవారం మూసి ఉంటాయి. 2013 నుంచి జరిగిన మరమ్మతుల్లో బావులు, తోటలు, గుమ్మటాల గచ్చు చాలా మారాయి. పదేళ్ల కిందట చూసినవాళ్లు గుర్తుపట్టలేరు. సాయంత్రం కోటలో సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుకుంటే చూడండి, కాని ఇవన్నీ అయ్యాకే. ముందే చూస్తే ఆ గొంతే మీ తలలో తిరుగుతుంది, సొంత ప్రశ్నలు రావు.

ఇంటికి వెళ్లేటప్పుడు మెహదీపట్నం ఫ్లైఓవర్ ఎక్కకుండా కార్వాన్ మీదుగా పాతబస్తీ వైపు వెళ్లండి. గోల్కొండకూ చార్మినార్‌కూ మధ్య నడిచిన పాత దారి అదే, వజ్రాల వ్యాపారులు బస చేసిందీ అక్కడే. వజ్రాలు గోల్కొండలో తవ్వలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల దొరికినవి ఇక్కడ అమ్ముడుపోయేవి. దారిలో తోలీ మసీదు దగ్గర ఆగండి. 1671లో దాన్ని కట్టించింది మూసా ఖాన్, మనం బురుజు మీద చూసిన పేరు. మక్కా మసీదు పనుల్లో రూపాయికి ఒక దమ్డీ చొప్పున అతనికి దక్కిందనీ, ఆ దమ్డీలతోనే దీన్ని కట్టాడనీ చెప్పుకుంటారు. అందుకే దానికి దమ్డీ మసీదన్న పేరు కూడా ఉంది. ఏ కుప్పలో వేస్తారో మీ ఇష్టం. అక్కడి నుంచి 1578 నాటి పురానాపూల్ దగ్గరికి వెళ్తే మూసీ వస్తుంది.

ఒక్క సుల్తాను మాత్రం ఈ దారిలో ఎక్కడా దొరకడు. సమాధుల తోటలో తానీషాకు చోటు లేదు. ఓడిపోయాక ఆయన్ను దౌలతాబాద్ కోటలో బంధించారు, అక్కడే పోయాడు. ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. ఆయన్ను ఓడించిన ఔరంగజేబు సమాధీ ఆ ఊళ్లోనే. ఎల్లోరా గుహలకు నాలుగైదు కిలోమీటర్ల దూరమే కాబట్టి, ఎల్లోరా ట్రిప్ వేసుకున్నప్పుడు ఖుల్దాబాద్‌కు ఒక గంట కలుపుకోండి.